చాలన్న కొద్దీ

ఖరగ్‌పూర్, 4-1-1988

గౌరవనీయులైన సమూయేలు మావయ్య గారికి,
మీ మేనల్లుడు సుందర్ రాజు వందనాలతో రాయించునది.

నేను క్షేమంగా చేరి, రైలు పెట్టెలకు రంగులేసే ఈ కంపెనీ షెడ్డులో ఫోర్‌మెన్‌గా కూర్చున్నాను. ప్రస్తుతానికి మూణ్ణెల్ల పరీక్ష మీదే. మార్చిలో కలకత్తా నుంచి పెద్దసాయబు వచ్చి మెచ్చితే కుర్చీ నాది, లేదంటే సూట్‌కేసు సర్దుకోవడమే.

మీరు ముప్ఫై ఏళ్ళు హెడ్మాస్టరుగా బడిని బెత్తంతో నడిపారు. నేనూ అదే పద్ధతి మొదలుపెట్టాను. "నేను అడిగితేనే నోరు విప్పాలి. ఆలోచించడానికి జీతం నాకిస్తున్నారు, మీక్కాదు" అని మొదటి రోజే గుమస్తా లూకా చేత బెంగాలీలో చెప్పించేశాను. ఒక్కడు కిక్కురుమంటే ఒట్టు! ఇక తర్జుమాలు కూడా వద్దన్నాను. అధికారి తెలుగు ఎవడికైనా అర్థమవుతుంది.

మీ మేనల్లుడు,
సుందర్ రాజు

తా.క.: ఇది రాసింది గుమస్తా లూకానండి. అధికారి కలం పట్టకూడదట. సంతకం పెట్టి చదవకుండానే నా చేతికిచ్చేశారు. కింద చోటు మిగిలింది కాబట్టి నా వందనాలు కూడా.


బొబ్బిలి, 15-1-1988

చిరంజీవి సుందర్ రాజును దీవించి రాయునది.

శభాష్! చనువిస్తే చంకెక్కుతారు. షెడ్డులో పొరపాటున కూడా నవ్వకు. నా క్లాసులో పిల్లలు దగ్గాలన్నా చెయ్యెత్తేవారు. నా రిటైర్మెంటు సభకి ఒక్క పూర్వ విద్యార్థీ రాలేదంటే నేనంటే ఎంత భయమో చూడు.

నీ మేలుకోరే మావయ్య,
సమూయేలు

తా.క.: ఆ లూకా ఎవడు? నీ ఉత్తరంలో వేలు పెట్టాడు. ఆ వేళ్ళ మీద రెండు తగిలించు. పనివాళ్ళ పేర్లయినా తెలుసుకున్నావా అని మీ అత్త అడుగుతోంది. పట్టించుకోకు.


ఖరగ్‌పూర్, 8-2-1988

మావయ్య గారికి వందనాలు.

అద్భుతం జరిగింది! రంగు మిషన్ పట్టుకునే బెంగాలీవాడు ఒకడున్నాడు. మొన్న ఒక పెట్టెకి ఒక పూత వేసి ఆపాడు. "చాలు" అన్నాను. వెంటనే మిషన్ మళ్ళీ వేసి రెండో పూత కొట్టాడు. "చాలు, చాలు!" అన్నాను. మూడోది కొట్టాడు. నేను గొంతు చించుకున్న కొద్దీ వాడు చెమటలు కక్కుతూ పనిచేశాడు. నా కళ్ళు చెమర్చాయి మావయ్యా! చాలన్నా ఆపని భక్తి ఏ ఫోర్‌మెన్‌కి దక్కింది?

మీ శిష్యుడు,
సుందర్ రాజు

తా.క.: మీ ఉత్తరాలు కూడా నేనే చదివి వినిపిస్తానండి. వేళ్ళ మీద తగిలించమన్న చోట నాకు దగ్గొచ్చింది. ఆ బెంగాలీవాడి పేరు హారూ, మేమంతా హారూ దా అంటాం, అంటే హారూ అన్న అని. "ఇన్ని పూతలెందుకు?" అని నన్ను అడిగాడు. కారణం నాకు తెలుసు. కానీ అడగాల్సినాయన అడగలేదు.


బొబ్బిలి, 20-2-1988

చిరంజీవి సుందర్ రాజుకు,

నీ ఉత్తరం చదివి నా గుండె పొంగింది. ఆదివారం చర్చిలో పదిమందికీ వినిపించాను. ఇప్పుడు నా మాట విను. పెద్దసాయబు వచ్చినప్పుడు ఆయన్ని ఆ హారూ పక్కనే నిలబెట్టి, గట్టిగా "చాలు" అను. నీ మనుషుల భక్తి ఆయన కళ్ళారా చూడాలి. కుర్చీ నీదే.

నీ మావయ్య,
సమూయేలు

తా.క.: మీ అత్త ఏమంటోందంటే, "చాలంటే ఆపని మనిషితో ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను, అది భక్తి కాదు" అని. ఎవరి గురించో నాకు తెలియలేదు.


ఖరగ్‌పూర్, 2-4-1988

సమూయేలు మాస్టారు గారికి, గుమస్తా లూకా సొంతంగా రాసుకునే ఉత్తరం.

మీ మేనల్లుడు రాయించే స్థితిలో లేరు. పెద్దసాయబు తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కాతో వచ్చారు. మీరు చెప్పినట్టే ఆయన్ని హారూ దా పక్కన నిలబెట్టి, మీ మేనల్లుడు "చాలు!" అని అరిచారు. మిషన్ మొదలైంది, తుంపర సాయబు మీద పడింది. ఈయన కంగారులో "చాలు! చాలు!" అన్నారు. హారూ దా పీడనం పెంచాడు. సాయబు తల నుంచి బూట్ల దాకా రైలు పెట్టె ఎరుపులోకి వచ్చేశారు.

మర్నాడు హారూ దా ఉద్యోగం పీకేస్తామని విచారణ పెట్టారు. "చాలూ అన్నారు, చాలూ చేశాను" అన్నాడతను. బెంగాలీలో, హిందీలో 'చాలూ' అంటే మిషన్ నడపమని అర్థమండి. మీ మేనల్లుడు నా మీద విరుచుకుపడ్డారు.

"ఏట్రా లూకా, ముందే సెప్పొద్దేటి?"

"మీరు అడిగినారా బాబూ? అడిగితే సెప్పేసీవోణ్ణి" అన్నాను.

హారూ దా ఉద్యోగం నిలిచింది. మీ మేనల్లుడికి కుర్చీ దక్కలేదు. కానీ బెంగపడకండి. చెప్పింది చెప్పినట్టు, బుర్ర వాడకుండా చేసే మనుషుల్ని మూణ్ణెల్లలో తయారుచేశారని సాయబు ముచ్చటపడి, కలకత్తా ట్రైనింగు సెంటర్లో ఫోర్‌మెన్లకి పాఠాలు చెప్పడానికి వేశారు.

వెళ్ళేరోజు ఆయన మనసు కరిగి, మా అందరికీ టీ తెప్పించారు. నిజం చెప్పొద్దూ, మాకూ జాలేసింది. హారూ దా చేతిలోని మట్టి ముంతలో ఆయనే స్వయంగా టీ పోసి, మెల్లగా "చాలా?" అన్నారు. మూణ్ణెల్లలో ఆయన పనివాళ్ళని అడిగిన మొదటి ప్రశ్న అది. బెంగాలీలో 'చాలా' అన్నా నడపరా అనే అర్థం. హారూ దా టీ వదిలేసి పరుగెత్తి మిషన్ వేశాడు.

ఇట్లు,
ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అడగని లూకా

తా.క.: మిషన్ ముందుండిపోయిన ఆయన సూట్‌కేసు రైల్లో మీ ఇంటికి పంపుతున్నాం. మూడు పూతలు పడ్డాయి, ఆరాక ముట్టుకోండి. అమ్మగారికి నా ప్రత్యేక వందనాలు.