నాయన పేర్చిన వాగ్దానాలు

చిత్తూరు,
ఆగస్టు 11

గౌరవనీయులైన నాయన గారికి,

మోసం జరిగింది. చేసింది మీరు. వడమాలపేట సంఘ కాపరి, నన్ను కన్న తండ్రి, ధనంజయ పాస్టరు గారు. పేరు పెట్టే రాస్తున్నాను. ఎవరిని అన్నానో తెలియలేదని తర్వాత ఎవరూ అనకూడదు.

నిన్న ప్రసూనాంబ అత్త కంటి పరీక్షకని చిత్తూరు వచ్చి, నన్ను చూసిపోదామని మా పాస్టర్ల శిక్షణాలయానికి వచ్చింది. మురుకులు తెచ్చింది. నేను గొప్పగా నా వాగ్దాన కార్డు తీసి చూపించినాను. కొత్త సంవత్సరం ఆరాధనలో మన చర్చిలో పళ్లెం తిప్పుతారే, ప్రార్థన చేసి పైనుండే కార్డు తీసుకుంటామే, ఏడంతా అదే దేవుడు మనకిచ్చిన మాట అని దాచుకుంటామే, ఆ కార్డు. ఈ ఏడు నాకు ‘లేచి పో, నిన్ను పంపుతున్నాను’ అనే మాట వచ్చింది కదా. అత్త దాన్ని చూసి నవ్వింది. "మీ నాయన ముందురోజే కూర్చొని ఒక్కొక్కటీ పేరుస్తాడు గదరా, కొడుక్కి మంచిదే పెట్టుకున్నాడు" అనింది. నోట్లో మురుకు నోట్లోనే ఉండిపోయింది.

నాయన గారూ, ఆ కార్డును నమ్మి నేను సూళ్లూరుపేట దగ్గర సెల్‌ఫోన్ల కంపెనీలో పని మానేసినాను. సూపర్‌వైజరు "పిచ్చి పట్టిందా?" అంటే "పిలుపు వచ్చింది" అని చెప్పి వచ్చినాను. ఆ పిలుపు మన వంటింట్లో, అమ్మ కూరగాయలు తరిగే పీట పక్కన తయారైందా?

బస్టాండులో పంచే కాయితం మొదలు ఆదివారం బడి చిన్న పుస్తకాల దాకా నేను చదవని కరపత్రం లేదు. దేవుని పేరుతో మనుషులు చేసే చేతివాటం గురించి ఎన్నో చదివినాను. ప్రతిసారీ వేరే ఎవరో అనుకున్నాను.

వచ్చే నెల మాకు పిలుపు విచారణ ఉండాది. పెద్దలు ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, ‘దేవుడు నిన్ను పిలిచినాడని నీకెట్ల తెలుసు?’ అని అడుగుతారు. జవాబు లేనివాన్ని ఇంటికి పంపేస్తారు. నా దగ్గరుండే జవాబు ఆ కార్డు ఒక్కటే. ఇప్పుడు ఏం చెప్పాల?

ఆ కార్డు మీరు కావాలని పెట్టినారా లేదా, ఒక్క మాటలో రాయండి. సంఘం ముందర నిలబడి ఒప్పుకోండి. లేదంటే నేనే కరపత్రం అచ్చేయించి పుత్తూరు దాకా పంచుతాను.

ఇట్లు,
మోసపోయిన పునీత్

ఈడ ఫోన్లు ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తారు కాబట్టి బతికిపోయినారు. లేకుంటే ఇదంతా అరిచి చెప్పేవాన్ని.


వడమాలపేట,
ఆగస్టు 19

ప్రియమైన పునీతుకు, నాయన దీవెనలు.

నీ జాబు అందింది. మీ అమ్మ చదివి, "అక్షరాలు గుండ్రంగా ఉండాయి, వాడు బాగానే తింటా ఉండాడు" అనింది. నన్ను ‘మీరు’ అని రాసినావు. నీకు కోపమొస్తే తప్ప నాకు మర్యాద దొరకదు కాబట్టి, జాబును రెండోసారి కూడా చదువుకున్నాను.

పేరుస్తాను. ఒప్పుకుంటాను. ఎందుకో విను.

నువ్వు పసివాడుగా ఉన్నప్పుడు నేనూ కార్డులన్నీ కలిపి పళ్లెంలో పోసేవాన్ని. ఒక ఏడు లీలావతికి, అదే మన టైలరక్కకు, భోజనాల దగ్గర నీ చుట్టూ బిడ్డలు మొక్కల మాదిరి కూర్చుంటారనే మాట వచ్చింది. ఆమెకు కడుపు పోయి అప్పటికి నెల కూడా కాలేదు. కార్డును కొంగున ముడేసుకోని పోయిన మనిషి ఈస్టరు దాకా చర్చి గడప తొక్కలేదు. నేను పోయి పిలిస్తే, "దేవుడు నన్ను ఎగతాళి చేసినాడు పాస్టరయ్యా" అనింది. దేవుడు చేయలేదు పునీతూ. నా చెయ్యి కార్డులు బాగా కలిపింది, అంతే.

అప్పటినుంచి పేరుస్తా ఉండాను. మన చర్చిలో ఎవరి చాప వాళ్లదే కదా. పళ్లెం ఆడోళ్ల వైపు కిటికీ కాడ మొదలై మొగోళ్ల వైపు వాకిలి కాడికి వస్తుంది. ఆ వరసకు పెట్టుకుంటాను. మొగుడు పోయినామెకు ఒక మాట, పరీక్ష తప్పిన పిల్లకు ఒక మాట. దాన్ని మోసం అని ఎప్పుడూ అనుకోలేదు, కాపరి పని అనుకున్నాను. నువ్వు అన్నాక ఆలోచిస్తా ఉండాను.

ఇంక నీ కార్డు. నువ్వు అడిగిన ఒక్క మాట ఇప్పుడు చెప్పను. నేను పెట్టినానంటే ఆడనే కూలబడతావు. పెట్టలేదంటే ఆ కార్డు మీదనే ఎక్కి నిలబడతావు. రెండూ నాకు ఇష్టం లేదు. విచారణ అయినాక అడుగు, దాచకుండా రాస్తాను. అంతదాకా ఇది చూసుకో: ఆ కార్డు నీ జేబులో లేకపోతే నిన్ను ఆడ పట్టి ఉంచేది ఏమన్నా ఉండాదా?

ఈడ వానల్లేవు. చర్చిలో నీ పక్కన కూర్చునే లోకేష్ పుత్తూరు బస్టాండు కాడ పరోటా అంగడి పెట్టినాడు. శనివారం మనింటికి పార్సిలు పంపుతాడు. ఆ పూటకు మీ అమ్మ పొయ్యి వెలిగించడం మానేసింది.

ప్రేమతో,
నీ నాయన


చిత్తూరు,
సెప్టెంబరు 17

నాయనకు,

జవాబు దాటేసినావని మంట పుట్టి నీ జాబును ముక్కలు చేసినాను. మళ్లీ అన్నం మెతుకులతో అతికించినాను. ఒక ముక్క దొరకలేదు, లోకేష్ పరోటాల కాడ చిరిగిపోయింది. పోనీలే.

నిజం చెబుతున్నా, పెట్టె సర్దుకున్నాను. మా శిక్షణాలయం నడిపే పెద్దయ్యగారి గదికి పోయి, నాకు పిలుపు లేదు, పోతున్నానన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "పోదువులే. ఈ పూట మీ జట్టుకు ఆసుపత్రి వంతు. అది చేసి పో" అన్నాడు.

వంతంటే, ప్రభుత్వాసుపత్రిలో తోడెవరూ లేని రోగుల దగ్గర కూర్చొని నీళ్లు పట్టడం, మందులు తెచ్చివ్వడం. నేను కరపత్రాల సంచి తగిలించుకోని పోయినాను. మునిరామయ్య అని పలమనేరు పక్క మనిషి, ఆవులు పెట్టుకోని బతికేవాడు. కాలికి షుగరు పుండు. ఆవులు ఇంకెవరి చేతికీ పాలివ్వవని కొడుకు ఊరికి పరిగెత్తినాడు. నేను ఆయనకొక కరపత్రం చాపినాను.

"అబ్బా, నాకు సదువు రాదు. ఆ సంచి ఆడ పెట్టి, ఈ వీపు రవంత గోకుతావా?" అన్నాడు.

గోకినాను. "ఇంకొంచెం పైన. ఆ, ఆడ. నీ కడుపు సల్లగుండ" అన్నాడు. నాయనా, ఇన్ని కరపత్రాలు పంచినాను, ఒక్కరూ నన్ను అట్ల దీవించలేదు.

కాసేపటికి మెల్లగా చెప్పినాడు. మరుసటి రోజు కాలివేళ్లు తీసేస్తారంట. "బయంగా ఉండాదప్పా. నా కొడుకుతో సెప్పలేను, వాడు నాకంటే బయపడతాడు. నీతో అయితే సెప్పొచ్చు. నువ్వు నాకేమీ కావు గదా."

పెట్టె విప్పలేదు కాని ఆ రోజు బస్సెక్కలేదు. మరుసటి రోజు నా వంతు కాకపోయినా పోయినాను. సంచి తీసుకపోలేదు. ఆపరేషన్ గది వాకిలి దాకా ఆయన చెయ్యి పట్టుకోని నడిచినాను. ఆయన వాళ్ల దేవున్ని తలుచుకున్నాడు, నేను నా దేవున్ని తలుచుకున్నాను. ఇద్దరం ఒకరినొకరం ఏమీ అడగలేదు. మత్తు దిగినాక కళ్లు తెరిచి, "ఇంకా ఈడనే ఉండావా? నీకు పనిల్యా?" అన్నాడు. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. ఇదే నా పని అని నోటిదాకా వచ్చింది.

నిన్న విచారణ. పెద్దలందరి ముందర దాచకుండా చెప్పినాను. కార్డు సంగతి, అది మా నాయన పెట్టి ఉండొచ్చనే సంగతి. ఒకాయన కళ్లద్దాలు తీసి, "మరి నిన్ను పిలిచింది ఎవరు బాబూ?" అన్నాడు. "కార్డు అబద్ధమైనా, సాయంత్రం మునిరామయ్యకు కట్టు మార్చేటప్పుడు నేను ఆడ ఉండాలయ్యా. ఎవరూ పంపకపోయినా పోతాను. దాన్ని ఏమంటారో మీరే చెప్పండి" అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది, నీకు తెలుసు కదా.

బయట కూర్చోమన్నారు. మళ్లీ పిలిచి, ఉండమన్నారు. ఒక ఏడు ఆసుపత్రి సేవ చెయ్యి, ప్రసంగ పీఠం సంగతి తర్వాత చూద్దామన్నారు. నాయనా, వీపు మీదినుంచి బస్తా దించినట్టు అయింది. వరండాలో టీ తాగితే జన్మలో అంత తియ్యటి టీ తాగలేదనిపించింది. వంటామె చక్కెర రెండుసార్లు వేసిందని తర్వాత తెలిసింది.

విచారణ అయిపోయింది. ఇప్పుడు చెప్పు, ఆ కార్డు నువ్వు పెట్టిందేనా?

నీ కొడుకు,
పునీత్


వడమాలపేట,
సెప్టెంబరు 25

ప్రియమైన నా బిడ్డకు,

నీ జాబు మీ అమ్మ పెద్దగా చదివింది, నేను విన్నాను. వీపు గోకిన కాడికి వచ్చేసరికి ఆమెకు చదవడానికి కాలేదు, కొంగుతో కళ్లు ఒత్తుకోని "ఇంట్లో నాకెప్పుడన్నా గోకినాడా వీడు" అనింది.

మాట ఇచ్చినాను కాబట్టి రాస్తున్నాను. నీకు ఒక కార్డు పెట్టినాను. కాని అది నీకు వచ్చింది కాదు.

నీకు పెట్టింది, నీ చేతి కష్టం నువ్వే తింటావు, నీకు మేలు కలుగుతుందనే మాట. నువ్వు ఆ కంపెనీలోనే ఉండిపోవాలని నా ఆశ. నేను పడింది నువ్వు పడకూడదని. చావింటి నుంచి పెళ్లింటికి అదే చొక్కాతో పరిగెత్తడం, వానొస్తే ప్రసంగం ఆపి బకెట్లు పెట్టడం, ఇవన్నీ నీకెందుకని. పునీతూ, అందరికీ వాళ్ల కోసం పెట్టినాను. నీకు ఒక్కడికి నా కోసం పెట్టినాను. నా భయాన్ని తీసుకపోయి దేవుని పళ్లెంలో పెట్టినాను. మోసం అని నువ్వన్నది నిజమే. నువ్వు అనుకున్న వైపు మాత్రం కాదు.

మరి నీకు అది ఎట్ల వచ్చిందంటావు. ఆ రోజు లోకేష్ ప్రార్థన మధ్యలో ఫోన్ చూసుకుంటా ఉండాడని నువ్వు వాన్ని మెడ పట్టి లేపి, నీ చోట్లో కూర్చోబెట్టి, వాని చోట్లో నువ్వు కూర్చున్నావు. నేను కళ్లు మూసుకోని ఉండాను. తెరిచేసరికి పళ్లెం మీ ఇద్దర్నీ దాటిపోయింది. ‘లేచి పో’ అనేది వానికి. వానికి బెంగళూరులో పని దొరికి, ఇల్లు విడవలేక గింజుకుంటా ఉండె. నీ మాట వానికి పోయింది, వాడు బెంగళూరు మానుకోని పరోటా పెనం ముందర నిలబడినాడు. వాని మాట నీకొచ్చింది. ఇది దేవుడు చేసినాడా, నీ కోపం చేసిందా, నాకు తెలీదు. నువ్వు ఇప్పుడు కార్డు మీద నిలబడి లేవు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఇంకొకటి. మొన్న ఆదివారం సంఘం ముందర ఒప్పుకున్నాను. ఇన్నేళ్లూ కార్డులు పేర్చింది నేనే, క్షమించండి అన్నాను. లీలావతి లేచింది. "మాకు తెలీదనుకుంటిరా పాస్టరయ్యా? మామూలు ఆదివారాల్లో ఫ్యాను కింద చోటు కోసం కొట్లాడుకునేటోళ్లం, కొత్త సంవత్సరం నాడు మాత్రం ఎవరి చాప మీద వాళ్లం బుద్ధిగా ఎందుకు కూర్చుంటాం? మీరు మాకని పెట్టింది పక్కోళ్లకు పోకూడదనే గదా!" అనింది. చర్చి అంతా నవ్వింది. "తెలీనిది మీ కొడుక్కే" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

నువ్వు ఈ పనిలోకి రావడం నాకు భయమే. కాని ఈ వారం నిద్ర బాగా పడతా ఉండాది.

నీ నాయన


చిత్తూరు,
అక్టోబరు 2

ప్రియమైన నాయనకు,

పెద్దగా నవ్వినానని పెద్దయ్యగారు వచ్చి తిట్టినాడు. జాబు ఇచ్చి చదవమన్నాను. ఆయన నాకంటే పెద్దగా నవ్వినాడు.

నువ్వు నన్ను మోసం చేయబోయి చేయలేకపోయినావు, నేను మోసపోయినానని ఊరికే అరిచినాను. చెల్లుకు చెల్లు. నీ భయం కూడా నాకు అర్థమైంది. మునిరామయ్య తన కొడుకుతో చెప్పుకోలేని భయాన్ని నువ్వు నీ కొడుక్కి రాసినావు. అది చాలు.

నిన్ను తిట్టడానికి రాసి పెట్టుకున్న కరపత్రం చించేసినాను. దాని బదులు కింద ఇంకొకటి రాసినాను. ఆదివారం సంఘంలో నువ్వే చదవాల. నాకంటే నీ గొంతు బాగుంటుంది.

అమ్మకు చెప్పు, ఈసారి వస్తే తన వీపే ముందు.

నీ పునీత్

వడమాలపేట సంఘంలో అక్కలారా, అన్నలారా, నా ఈడు వాళ్లారా,

చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలో వాకిలి వైపు చూసుకుంటా పడుకున్నవాళ్లు ఉండారు. కొందరికి ఎవరూ లేరు. కొందరి వాళ్లు కూలి మానుకోని రాలేరు. తప్పెవరిదని ఈసారి రాయను. రాయాలంటే చాలా పేర్లు వస్తాయి, అంతసేపట్లో ఒకరికి నీళ్లు పట్టొచ్చు. మనకు పిలుపు ఉండాదా లేదా అని ఇంట్లో కూర్చొని తేల్చుకోలేము. నేను చూసినాను, తేలదు. కరపత్రాలు వద్దు, ప్రసంగాలు వద్దు, పండ్ల బుట్టలతో ఫోటోలు అసలే వద్దు. వాళ్ల దేవుడు ఎవరని అడగొద్దు. ఒట్టి చేతులతో రండి. పుత్తూరు మీదినుంచి చిత్తూరు బస్సు దొరుకుతుంది.

వచ్చే శనివారం, సాయంత్రం నాలుగు గంటలకు, ఆసుపత్రి వెనక గేటు కాడ నిలబడి ఉంటాను. అందరూ రండి.