బావగారికి ఎంత టిప్పు ఇవ్వాలి?

బావగారికి నమస్కారం.

మొన్న మధ్యాహ్నం మా ఇంటికి భోజనం తెచ్చి, హెల్మెట్ తియ్యకుండా, గొంతు మార్చి "పార్సిల్, మేడమ్" అన్నారు. నేను గుర్తుపట్టలేదనుకుని మీరు కుదుటపడ్డారు, కాబట్టి ఊరుకున్నాను.

టిప్పు దగ్గరే చిక్కొచ్చిపడింది. పది ఇస్తే సొంత బావని చులకన చేసినట్టు, ఐదొందలిస్తే జాలిపడినట్టు. చివరికి అందరికీ ఇచ్చే ఇరవయ్యే ఇచ్చాను. మీరు వంగి దండం పెట్టారు. పెళ్లినాడు మా నాన్నకి కూడా అంత వంగలేదు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఆయన ఉద్యోగం పోయి మూడు నెలలైందే. రోజూ ఆఫీసుకని బయల్దేరుతుంటే ఏమీ ఎరగనట్టు క్యారేజీ కట్టిస్తున్నా. నాకు తెలుసని ఆయనతో అనకు, నీకు పుణ్యముంటుంది" అంది.

ఆ మాట నా నోట రాదని ఒట్టేశాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మీ మరదలు