ఈతవనంలో ఈ ఏటి తొలి కల్లు

అన్నా,

చలి ముదిరింది. ధర్మపురి బస్సు దారిలో ఉన్న మన ఈతవనంలో ఈ ఏటి తొలి కల్లు నిన్న పొద్దున దించాను. చెట్టెక్కాలంటే వణికే నేనే నీ మోకు కట్టుకుని ఎక్కాను. నువ్వు చెప్పినట్టే, చలికి కల్లు తియ్యగా ఊరింది.

నిరుడు ఇదే కాలంలో నలుగురు నక్సలైట్లు అడవి దిగి వచ్చి దాహమంటే నువ్వు కల్లు పోశావు. మర్నాడు పోలీసులు నన్ను పట్టుకున్నారు.

"కల్లు వోసింది ఎవడురా?"

రెండు దెబ్బలకే నీ పేరు చెప్పాను. వాళ్లు నిన్ను ఇంటి ముందే జీపెక్కించారు. మూడో రోజు ఎన్‌కౌంటరని చెప్పి శవాన్ని అప్పగించారు.

ఏడాదిగా ఈ సంగతి వదినకు చెప్పలేకపోయాను. నిన్న తొలి ముంత ఆమె ముందు పెట్టి చెప్పేశాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూనే ఉంది.

"నాకు గప్పుడే ఎరుక" అంది చివరికి. "మీ అన్న జీపెక్కుకుంట చెప్పిండు. తమ్మున్ని ఏమనకు, వాడు దెబ్బలకు ఓర్వడు అన్నడు."

అన్నీ తెలిసే ఏడాదంతా నాకు అన్నం పెట్టింది, అన్నా. నిన్న ఆ కల్లు మాత్రం ముట్టలేదు.

నీ తమ్ముడు