కరెంటింట్లో రేకుల కుండ

ఆత్రేయపురం
9 ఫిబ్రవరి 2004

బావమరిది వీరాస్వామికి చంద్రరావు రాస్తున్నాడు.

మా గృహప్రవేశం నాడు బంతి భోజనాలు సగంలో ఉండగా నువ్వు స్తంభమెక్కి మా ఇంటి కరెంటు పీకేసిన సంగతి నేను మర్చిపోలేదు. లైన్‌మాన్ ఉద్యోగం నీది, తీగకి కొక్కెం తగిలించింది నేను, నిజమే. కానీ పెరుగు వడ్డించేదాకా ఆగలేకపోయావా? జనం చీకట్లో చేతులు కడుక్కుని పోయారు. ఆ పంతం మీదే ఇన్నేళ్ళూ రెండు బల్బులు, ఒక ఫ్యాను తప్ప ఇంకో ప్లగ్గు పెట్టించలేదు.

ఇప్పుడు నీతో పని పడింది. మీ అక్క ఆయాసంతో ఆసుపత్రి నుంచి నేరుగా తునిలో మీ ఇంటికి వచ్చింది. పొగ తగిలితే మళ్ళీ ఆసుపత్రేనని రాజమండ్రి డాక్టరు అన్నాడు. అందుకని సుబ్బాయమ్మ తిరిగొచ్చేలోగా ఇంట్లో నిప్పన్నది లేకుండా చేస్తాను. వంట, వేన్నీళ్ళు, రుబ్బడం అన్నీ కరెంటు మీదే. గ్యాసంటావేమో, పాశర్లపూడిలో గ్యాసు బావి మంట చూసొచ్చినవాణ్ణి, బండని గుమ్మం దాటనివ్వను. ఏ తీగ వెయ్యాలో, ఎవర్ని అడగాలో రాయి. పాత సంగతికి క్షమాపణ అక్కర్లేదు. రాస్తే మాత్రం చదువుతాను.

నీ బావ,
చంద్రరావు

తుని
20 ఫిబ్రవరి 2004

ప్రియమైన బావగారికి నమస్కారాలు.

ఆ రోజు నేను పీకకపోతే మా ఆఫీసరు కేసు రాసేవాడండి. ఆయన మీ బంతిలోనే రెండో వరసలో కూర్చుని ఉన్నాడు.

ఇక పని సంగతి. పాత తీగ మీద కరెంటు పొయ్యి పెడితే తీగ గోడలోనే కాలిపోతుంది. ముందు ఆఫీసులో లోడు పెంచమని అర్జీ ఇవ్వండి. మీటరు దగ్గర్నుంచి వంటింటికి లావు తీగ విడిగా లాగించండి. ఎర్తింగు గొయ్యి తవ్వించి బొగ్గు, ఉప్పు వేయించండి. పొయ్యీ గీజరూ ఒకేసారి వెయ్యకండి. సాయంత్రాలు వోల్టేజీ పడిపోతుంది గనక రాత్రి వంట పొద్దుండగానే కానివ్వాలి. కరెంటు లేని రోజున చద్దన్నమే.

అక్కకి ఆయాసం తగ్గింది. మీ ఉత్తరం చదివి వినిపించాను. అంతా విని ఒక్కటే అడిగింది: "మరి నా కుండో?"

మీ వీరాస్వామి

ఆత్రేయపురం
7 మార్చి 2004

వీరాస్వామీ,

ఆఫీసరు సంగతి అప్పుడే చెవిలో చెప్పొచ్చుగా. సరే.

లోడు పెరిగింది, తీగ పడింది. మట్టి పొయ్యి నేనే తవ్వి పారేశాను. కుక్కర్లో అన్నం కూడా నేనే వండుకున్నాను, మెతుకు బానే ఉంది.

మీ అక్క అడిగింది పూతరేకుల కుండ. దాని కింద మండేది ఎండు కొబ్బరాకు, ఆవిడ ఊపిరితిత్తులు పాడుచేసింది ఆ పొగే. అయినా కుండని కరెంటు పొయ్యి మీద బోర్లించి చూశాను. నడుమ మాడింది, అంచు పచ్చిగా ఉండిపోయింది, జావలో ముంచి వేసిన గుడ్డకే పిండి అంటుకుంది. ఆకు మంటయితే కుండంతా నాకుతుంది, కరెంటు పొయ్యికి ఆ పని రాదు. రేకులు ఇక మానెయ్యమను. ఊళ్ళో తీసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఉగాదికి వచ్చెయ్యమను.

నీ బావ,
చంద్రరావు

తుని
25 మార్చి 2004

ప్రియమైన బావగారికి,

ఉగాదికి అక్కని బయల్దేరదీశానండి. సంచి సర్దింది, మంచి చీర కట్టుకుంది. ఆటో వచ్చాక కుర్చీలోంచి లేవలేదు.

"అన్నానికి కుక్కరుంది, పప్పుకి గ్రైండరుంది. నేనెందుకురా అక్కడ? రేకు తీస్తేనే ఊళ్ళో నేను సుబ్బాయమ్మని. లేకపోతే చంద్రరావు గారి భార్యని" అంది.

ఆటోని తిప్పి పంపేశాను. పొగ పడదన్న డాక్టరు మాటా నిజమే. ఏం చేస్తారో మీరే చూడండి.

మీ వీరాస్వామి

ఆత్రేయపురం
12 ఏప్రిల్ 2004

బావమరిదికి,

మీ అక్క మొండిదని పెళ్ళిచూపుల్లోనే మీ నాన్న చెప్పాడు. నాకంటేనా అనుకున్నాను.

ఇల్లంతా కరెంటే, అది మార్చను. పెరట్లో మాత్రం ఒక గోడ కట్టించి అందులో కుండ బిగించాను. కుండ కడుపు ఇటు, ఆకు పెట్టే నోరు అటు. పొగ అవతలే ఉంటుంది. దాన్ని పైకి లాగడానికి గొట్టం పెట్టించి, అందులో ఫ్యాను బిగించాను. ముందు ఇవతల టేబుల్ ఫ్యాను పెట్టి చూశాను గానీ రేకులు లేచి పక్కింటి దొడ్లో పడ్డాయి.

అవతల ఆకు ఎవరు పెడతారంటావు. నేనే. పక్కింటావిడ చేత గుడ్డ వేయించి రోజూ నేర్చుకుంటున్నాను. మొదట్లో మంట పెంచేసి అన్నీ మాడ్చాను. "మీ వల్ల కాదు బాబాయిగారూ" అని ఆవిడ లేచిపోయింది. మళ్ళీ పిలుచుకొచ్చాను. నిన్న తీసిన రేకు అరచేతిలో పెట్టుకుంటే చేతి గీతలు రేకులోంచి కనబడ్డాయి.

మీ అక్కకి ఇది చదివి వినిపించు. ఆవిడ ఇవతల కూర్చుని గుడ్డ వెయ్యాలి. పెంచమంటే మంట పెంచుతాను, తగ్గించమంటే తగ్గిస్తాను. ఇన్నేళ్ళలో ఆవిడ చెప్పినట్టు వింటానన్నది ఈ ఒక్క పనిలోనే. వస్తుందో రాదో ఆవిడ నోటితోనే చెప్పించి రాయి. నీ సొంత మాటలు కలపకు. వచ్చే శుక్రవారం టపాలో ఆ జవాబు నా చేతికి రావాలి.

చంద్రరావు