ఒక్కరే కట్టుకోలేని బట్ట

నాన్నా, జలుబు తగ్గింది, బెంగపడొద్దని అమ్మతో చెప్పు.

ఒళ్లు మండి రాస్తున్నాను, దారిలో పోస్ట్‌మాన్ చదువుకున్నా సరే. రెండేళ్లుగా రోమన్లు ఏం తిన్నారో, ఏం కట్టారో నోట్సు రాసుకుంటున్నది నేను. నా గదిలో ఉండే పొడుగుకాళ్లది ఆ నోట్సు చూసే నెల కిందట రోము గురించి చదవడం మొదలుపెట్టింది. ఇప్పుడు హాస్టలంతా దాన్నే "రోము రాణి" అంటోంది!

నిన్న చరిత్ర క్లబ్బులో టోగా, అంటే రోమన్లు ఒంటికి చుట్టుకునే పెద్ద తెల్లబట్ట, కట్టి చూపించే వంతు నాది. దుప్పటి తీసుకున్నాను.

"కొస పట్టుకోనా?" అంది అది.

"నువ్వు పట్టుకుంటే గానీ నాకు పూట గడవదా?" అన్నాను.

నాలుగు మాటలు చెప్పానో లేదో, దుప్పటి కాళ్ల మీద పడింది. "రోము కూలిందే!" అని ఒకటే నవ్వులు. టోగా ఒక్కరే కట్టుకోలేరని, పక్కన మనిషి ఉండాలని నా నోట్సులో ఉంది నాన్నా. నా చేత్తోనే రాసుకున్నాను.

శనివారం ప్రదర్శనలో క్లబ్బు తరఫున ఒక్కరే మాట్లాడాలి, నేనో అదో. నాకు ఇంకో అవకాశం ఇమ్మని మేడంను అడిగి ఒప్పించింది కూడా అదే. అందుకు ఇంకా మండుతోంది.

నీ చేత్తో తెల్లబట్ట అర్ధచంద్రంలా, నా ఎత్తుకు మూడింతల పొడవు కత్తిరించి వెంటనే పంపు. కుట్టుమిషను బెల్టు మార్పించావా? చెల్లి నా పెన్ను ముట్టుకోవడం లేదు కదా?

అమ్మకు దణ్ణాలు, చెల్లికి ఒక మొట్టికాయ. బట్ట అందేలోగా "కొస పట్టుకోవే" అని దాన్ని అడగడం నేర్చుకుంటాను.

నీ పెద్దది