మ్యాప్‌లో వేయని కొండబాట

శుక్రవారం, సంత రోజు.

ఆ షావుకారు మొహం గుర్తొస్తే ఇంకా ఒళ్లు మండుతోంది. విజయనగరం నుంచి కారులో దిగి, మా సంతలో కొత్త కొట్టు ఎక్కడ పెడితే నడుస్తుందో కంప్యూటర్‌లో తేల్చమన్నాడు. మ్యాపులు గీయడమే నా ఉద్యోగం. రోడ్లూ ఊళ్లూ జనాభా వేశాను. సంతకు వచ్చే తారురోడ్డు మలుపులో ఎర్రచుక్క పడింది.

“అక్కడే ఎట్టేద్దాం. ఆ సివరున్న పాక కొట్టు ఆర్నెల్లు కూడా నిలవదు,” అని నవ్వాడు.

ఆ పాక కొట్టు మా అమ్మది. ఎర్రచుక్క ఉన్న మ్యాప్ అలాగే ప్రింటు తీసి ఇచ్చాను.

కొండ జనం తారురోడ్డున సంతకు వచ్చేటప్పుడు నెత్తిన పసుపు మూట ఉంటుంది, ఎవరూ ఏమీ కొనరు. సరుకు అమ్ముకుని తిరిగి కొండబాట ఎక్కే ముందు అమ్మ దగ్గర ఆగి ఉప్పు, ఎండుచేపలు తీసుకుంటారు. ఆ బాట ఏ మ్యాప్‌లోనూ లేదు. నా దగ్గర మాత్రం, ఫోన్ పట్టుకుని నడిచి గీసుకున్నది ఉంది. షావుకారు మ్యాప్‌లో కావాలనే వేయలేదు. మలుపులో కూర్చుని వాణ్ణి ఈగలు తోలుకోనీ!

ఇది మోసమా? ఉద్యోగం పోతే...

సాయంత్రం నుంచి వాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తబుద్ధి కాలేదు. అన్నం దగ్గర అమ్మ చెప్పింది:

“కారు బాబొకడు మద్దేనం కొట్టుకాడికొచ్చినాడే. జనం ఏ దార్ని తిరిగెల్తారని అడిగినాడు. కొండబాట సూపించినాను. అడిగితే సెప్పమేటి? మా గుంట కూడా మ్యాపులే గీత్తాదని సెప్పినాను.”