ఆగితేనే అప్పగిస్తాను

గోదావరిఖని,
12-3-1974

సంఘపెద్ద యిర్మియా అన్నకు వందనాలు.

మన మందిరం కారును పాత ఇనుము కింద అమ్మాలని మీరంతా అనుకుంటున్నట్లు తెలిసింది. అమ్మకండి. దాని బ్రేకులు మా క్వార్టర్ వరండాలో ఉన్నాయి. డ్యూటీ దిగాక ప్రతిరోజూ వాటి ముందే కూర్చుంటున్నాను. తుప్పు గీకి, కిరసనాయిలుతో కడిగి, కొత్త లైనింగు వేశాను.

ఆ రోజు కారు వాగులో పడింది పాస్టరుగారికి చూపు ఆనక కాదన్నా. ఆయన బ్రేకు తొక్కారు, అది పట్టలేదు. అంతకు ముందు వారం చక్రాలకు గ్రీజు పెట్టింది నేను. గనిలో బొగ్గు టబ్బుల చక్రాలకు పెట్టినట్లే దండిగా కూరాను. ఎక్కువైనదంతా వేడికి కరిగి బ్రేకుల్లోకి దిగింది. అందరూ ఆయన ముసలితనాన్ని తప్పుపడుతుంటే విని ఊరుకున్నాను.

"ఇప్పుడు చెప్తే అందరు నిన్నే తిడ్తరు, ఊకో" అంటోంది నా భార్య రాహేలు. ఇక ఊరుకోను. ఆదివారం ఆరాధన అయ్యాక ఈ ఉత్తరం అందరికీ చదివి వినిపించండి. ఆ తర్వాత వాగు దారి దిగుడులో కారును నేనొక్కడినే నడుపుతాను. ఎవరూ ఎక్కవద్దు. ఆగితే తాళంచెవి పాస్టరుగారి చేతికే ఇస్తాను. ఆగకపోతే మళ్లీ విప్పుతాను.

ఆయనకు ఈ సంగతి కొత్త కాదు. కారును వాగులోంచి తీశాక నేను మొదటిసారి చక్రం విప్పినప్పుడు, ఆ రోజు విరిగిన చేతికి కట్టుతో నా పక్కనే నిలబడి ఉన్నారు. లోపలి గ్రీజు చూశారు, నా మొహం చూశారు. "చేతులు కడుక్కో బిడ్డా, బువ్వ సల్లగైతది" అన్నారు. ఈ రోజు వరకు ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

ఇట్లు,
మీ తమ్ముడు